శుభం కార్డు పడ్డాక బాంకాక్‌లో ఏం జరుగుతుంది?

బాంకాక్ అనగానే మనకి కళ్ళముందు మెదిలేదేమిటి? నల్లకళ్ళద్దాల హీరో, నీళ్ళ మీద దూసుకుపోయే పడవ, రంగురంగుల దీపాలు, ఓ డ్యూయెట్టు, ఆఖర్న విలన్ స్థావరం! 1974లో 'ది మేన్ విత్ ది గోల్డెన్ గన్' కోసం జేమ్స్ బాండ్ దక్షిణ థాయ్‌లాండ్ సముద్రంలో ఓ నిలువురాయి దగ్గర పిస్తోలు పట్టుకు తిరిగి వెళ్ళాడు. ఈ రోజుకీ ఆ చోటుని జేమ్స్ బాండ్ దీవి అనే పిలుస్తున్నారు. సినిమా మహిమ అలాంటిది మరి!

అలాంటి దేశానికి వెళ్ళి గవర్నమెంటు ఆఫీసుల్లో క్యూలు చూసి వచ్చానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ ఆ క్యూల్లో నేను చూసినంత కథ ఈ మధ్య ఏ తెర మీదా చూడలేదు. ప్రేమ ఉంది, పెళ్ళి ఉంది, డబ్బు ఉంది, చావు ఉంది. వీటన్నిటి నడుమా పాస్‌పోర్టులో వేలెడంత స్టాంపు ఒకటి ఉంది. ఆ స్టాంపు కోసమే పోరాటమంతా.

పరాయి దేశంలో జీవితాంతం ఉండిపోవాలనుకునేవాళ్ళకి థాయ్‌లాండ్ ముఖ్యంగా రెండు దారులు చూపిస్తుంది. ఒకటి రిటైర్మెంటు దారి. రెండోది పెళ్ళి దారి. ఏది ఎంచుకోవాలి? వినడానికి ఇది లెక్కల ప్రశ్నలా ఉంటుంది. కాదు సుమండీ!

ప్రేమ పేరుగల పేట

బాంకాక్ నడిబొడ్డున బాంగ్ రక్ అని ఓ పేట ఉంది. థాయ్ భాషలో 'రక్' అంటే ప్రేమ. ఆ పేరు ప్రేమ వల్ల రాలేదు, అదే పేరుగల చెట్టు వల్ల వచ్చిందనే పెద్దలూ ఉన్నారనుకోండి. ప్రేమికులకి చెట్టు గొడవ ఎందుకు? ఏటా ఫిబ్రవరి 14న ఆ పేట జిల్లా ఆఫీసు ముందు పొద్దున్నే జంటలు బారులు తీరతాయి. ప్రేమపేటలో పెళ్ళి రాయించుకోవాలని వాళ్ళ సరదా. 2025 జనవరిలో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక మగ జంటలూ ఆడ జంటలూ కూడా ఆ బారుల్లో చేరాయి.

సిలోమ్ రోడ్డులో మన దక్షిణాది గోపురంతో కనిపించే మారియమ్మన్ గుడి ఉన్నదీ ఈ పేటలోనే. 19వ శతాబ్దంలో వలస వెళ్ళిన తమిళులు కట్టుకున్న గుడి అది. ఇప్పుడు మనవాళ్ళ కంటే థాయ్‌లే ఎక్కువగా దండాలు పెడుతున్నారు.

'రాయించుకోవడం' అన్నాను, గమనించారా? అక్కడ అదే అసలు పెళ్ళి. మనకి హిందూ వివాహచట్టం ప్రకారం ఏడో అడుగు పడితే పెళ్ళయినట్టే. రిజిస్ట్రీ కేవలం సాక్ష్యం. థాయ్ చట్టానికి మాత్రం రిజిస్టరే మంగళసూత్రం! బౌద్ధ భిక్షువులు దీవించనీ, ఊరంతా భోంచెయ్యనీ, జిల్లా ఆఫీసు పుస్తకంలోకి ఎక్కకపోతే చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ భార్యాభర్తలు కారు.

విదేశీయుడైతే ముందు తన దేశపు ఎంబసీ నుంచి 'ఇతనికి పెళ్ళి చేసుకోడానికి అడ్డంకి లేదు' అనే కాగితం తేవాలి. దాన్ని థాయ్‌లోకి తర్జుమా చేయించాలి. విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి. అప్పుడు పేర్లు రిజిస్టరులోకెక్కుతాయి. చుట్టూ పూలు, అంచులు వేసిన అందమైన సర్టిఫికెట్టు ఒకటి ఇస్తారు. దాన్ని కోర్ రోర్ 3 అంటారు. రిజిస్టరు నకలు పేరు కోర్ రోర్ 2. అందమైనది గోడకి, నకలు ఇమిగ్రేషన్‌కి!

మన సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు వేసేసి లైట్లు వెలిగించేస్తారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

రెండు తలుపులు

బాంకాక్ ఉత్తరాన చెంగ్ వత్తన రోడ్డు మీద పెద్ద ప్రభుత్వ భవనాల సముదాయం ఉంది. మన సెక్రటేరియట్లు నాలుగైదు కలిపి ఒకే కప్పు కింద పెట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు పింక్ లైన్ మెట్రో రైలు ఆ రోడ్డు మీదుగానే పోతోంది. అక్కడే ఇమిగ్రేషన్ ఆఫీసు. చేతిలో ఫైలు, ఫైల్లో బ్యాంకు పుస్తకం, జెరాక్సులు. ప్రతి జెరాక్సు పేజీ మీదా సంతకం. ఓపికకి పరీక్ష పెట్టే చోటు అది.

ఇప్పుడు లెక్క చెబుతాను. జాగ్రత్తగా వినండి.

రిటైర్మెంటు తలుపు తట్టాలంటే 50 ఏళ్ళు నిండాలి. థాయ్ బ్యాంకులో తన పేరున 8 లక్షల బాట్లు ఉండాలి. బాట్ అంటే అక్కడి రూపాయి. మన లెక్కలో అది 20 లక్షల పైమాటే. దరఖాస్తుకి రెండు నెలల ముందు నుంచీ ఆ సొమ్ము కదలకూడదు. స్టాంపు పడ్డాక ఇంకో మూడు నెలలు ముట్టుకోకూడదు. ఆ తర్వాత కూడా ఏడాది పొడుగునా 4 లక్షల కిందకి దిగకూడదు. అంత నిల్వ లేకపోతే నెలకి 65,000 బాట్ల రాబడి చూపించాలి. రాబడీ నిల్వా కలిపి ఏడాదికి 8 లక్షలు చూపించే వీలూ ఉంది.

పెళ్ళి తలుపుకి వయసుతో పని లేదు. 4 లక్షల బాట్లు రెండు నెలలు బ్యాంకులో ఉంటే చాలు. లేదా నెలకి 40,000 రాబడి. స్టాంపు పడ్డాక ఆ సొమ్ము వాడుకోవచ్చు. పైగా వర్కు పర్మిటు తెచ్చుకుని ఉద్యోగం చేసుకోవచ్చు. థాయ్ అబ్బాయిని చేసుకున్న విదేశీ అమ్మాయికైతే ఆ 4 లక్షలు కూడా అడగరు. మగాడే ఇల్లు నడపాలనే పాత లెక్క కాబోలు!

రెండు తలుపుల దగ్గరా ఏడాదికి రుసుము 1,900 బాట్లే. రెండింటికీ ప్రతి 90 రోజులకీ ఒకసారి 'నేను ఫలానా ఇంట్లోనే ఉన్నాను' అని చెప్పుకోవాలి. మధ్యలో ఊరికి వెళ్ళి రావాలంటే ముందే రీ-ఎంట్రీ పర్మిటు తీసుకోవాలి. ఒకసారికి 1,000 బాట్లు, ఎన్నిసార్లయినా అంటే 3,800. అది మరిచిపోయి విమానమెక్కితే ఏడాది స్టాంపు గాల్లోనే కరిగిపోతుంది!

"సగం డబ్బు, పైగా ఉద్యోగం కూడానా? ఇంకేం, పెళ్ళి దారే బంగారం!" అంటున్నారు కదూ మీరు? ఆగండి.

ప్రేమకి ఫోటో సాక్ష్యం

పెళ్ళి దారిలో నడిచేవాడు ప్రతి ఏడూ తన ప్రేమని నిరూపించుకోవాలి. అవునండీ, అక్షరాలా నిరూపించుకోవాలి. ఇంటి ముందు నెంబరు కనబడేలా ఇద్దరూ నిలబడిన ఫోటో. హాల్లో కూచున్న ఫోటో. పడకగదిలో ఫోటో. ఇంటికి దారి చూపించే పటం. పెళ్ళి ఇంకా రద్దు కాలేదని కొత్తగా తీయించిన కోర్ రోర్ 2. సాధారణంగా సాక్షి కూడా కావాలి. ఒక్కోసారి ఆఫీసర్లే ఇంటికి వచ్చి చూస్తారు. ఇరుగుపొరుగుల్ని అడుగుతారు. స్టాంపు కూడా ఒకేసారి పడదు. ముందు 'పరిశీలనలో ఉంది' అనే ముద్ర వేసి ఓ నెల తర్వాత మళ్ళీ రమ్మంటారు.

1990లో పీటర్ వీర్ తీసిన 'గ్రీన్ కార్డ్' చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అందులో అమెరికాలో కాగితం కోసం పెళ్ళి చేసుకున్న జంటని ఆఫీసర్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. 1987లో మన జంధ్యాల 'పడమటి సంధ్యారాగం'లో తెలుగమ్మాయి, అమెరికా అబ్బాయి ప్రేమించుకుంటే మనందరికీ పెద్దల ఒప్పుకోలు గురించే బెంగ. ఇప్పటి ప్రేమికులకి పెద్దలు ఒప్పుకున్నాక ఇంకో పెద్దమనిషి మిగిలి ఉంటాడు. ఆయన కౌంటరు వెనకాల కూచుంటాడు.

ఆఫీసర్లని తప్పు పట్టేదేముంది? దొంగ పెళ్ళిళ్ళు ఎన్ని లేవు! కానీ పాతికేళ్ళు కాపురం చేసిన ముసలివాడు కూడా ఏటా మంచం అంచున భార్య పక్కన కూచుని కెమెరా వంక చూస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

అందుకే 50 దాటిన భర్తలు కొందరు, భార్య పక్కనే ఉన్నా, రెట్టింపు సొమ్ము కట్టి రిటైర్మెంటు తలుపే తడతారు. "నా పెళ్ళాం నా ఇంటి మనిషి. ఫైల్లో కాగితం కాదు" అన్నాడు క్యూలో ఒకాయన. డైలాగు బాగుంది కదూ! కానీ ఆయన ఇంకో నియమం పాటించాలి. రిటైర్మెంటు స్టాంపుతో పని చెయ్యకూడదు. జీతం తీసుకోకుండా భార్య నూడిల్స్ బండి దగ్గర గిన్నెలు అందించినా చిక్కే. ఎండలో ఆవిడ చెమటోడుస్తుంటే ఈయన కుర్చీలో కూచుని చూస్తుండాలన్నమాట!

ఇల్లరికపు ఊళ్ళు

బాంకాక్‌కి ఈశాన్యంగా ఇసాన్ అనే పెద్ద ప్రాంతం ఉంది. వరి పొలాలు, ఎర్రమట్టి, కారం దట్టించిన బొప్పాయి పచ్చడి. మన తెలంగాణ పల్లెల్లో తిరిగినట్టే అనిపిస్తుంది. థాయ్ అమ్మాయిల్ని చేసుకున్న విదేశీ భర్తలు ఎక్కువగా కాపురాలు పెట్టేది ఇటువైపే. అక్కడి పాత ఆచారం ప్రకారం అల్లుడే అత్తవారింటికి వస్తాడు. అంటే ఇల్లరికం! 1959లో అక్కినేని, జమున నటించిన 'ఇల్లరికం' మన అమ్మమ్మలకి బాగా గుర్తు. ఇసాన్‌లో ఆ సినిమా ఊరూరా నడుస్తోంది. హీరోలు మాత్రం తెల్లజుట్టు దొరలు!

కట్నం కూడా అక్కడ తిరగేసే ఉంటుంది. పెళ్ళికొడుకే అమ్మాయి తల్లిదండ్రులకి 'సిన్ సోత్' ఇస్తాడు. కన్యాశుల్కం అనుకుని కంగారుపడకండి. పెంచి పెద్దచేసినందుకు చూపించే మర్యాద అది. చాలా ఇళ్ళలో కొంతో అంతా పెళ్ళయ్యాక తిరిగి ఇచ్చేస్తారు కూడా.

ఉడోన్ థాని అనే ఊళ్ళో ఓ ఇంగ్లీషు పెద్దాయన టీ కొట్టు దగ్గర తగిలాడు. వయసు 62. పదేళ్ళకి పైగా పెళ్ళి స్టాంపు మీదే ఉన్నాడు. ఇల్లు భార్య పేరున, పొలం భార్య పేరున. విదేశీయుడు అక్కడ భూమి కొనుక్కోడానికి వీల్లేదు మరి. కిందటేడు ఆవిడ కాన్సరుతో పోయింది.

"కర్మకాండ అయిన మూడో రోజున నాకు తట్టింది. ఇక్కడ నన్ను ఉండనిస్తున్న కాగితం కూడా ఆవిడతోనే వెళ్ళిపోయింది" అన్నాడాయన.

భార్య పోతే పెళ్ళి పొడిగింపుకి ఆధారం ఉండదు. విడాకులైనా అంతే. ఇరవై ఏళ్ళ లోపు థాయ్ బిడ్డ ఉంటే బిడ్డ తండ్రిగా అడగవచ్చు. ఆయనకి బిడ్డలు లేరు. ఇక మిగిలింది రిటైర్మెంటు తలుపు. దానికి 8 లక్షలు కావాలి, బ్యాంకులో ఉన్నవి 4. పైగా ఆ సొమ్ము రెండు నెలలు ముందే పడి ఉండాలి! పికప్ బండి అమ్మాడు. ఇంగ్లాండులో తమ్ముణ్ణి అడిగాడు. పాత స్టాంపు గడువు ఇంకా నాలుగు నెలలు ఉంది కాబట్టి గట్టెక్కాడు. భూమి సంగతా? వారసత్వంగా వచ్చినా విదేశీయుడు ఉంచుకోకూడదు, గడువులోగా అమ్మేయాలి. ఆయన దాన్ని మరదలికి వదిలేసి గది అద్దెకి తీసుకున్నాడు.

"మరి ముందే రిటైర్మెంటుకి మారవలసింది కదండీ?" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అలా మారితే ఆవిడ చావు గురించి ఆలోచించినట్టు అయ్యేది. ఏ భర్త ఆలోచిస్తాడు చెప్పండి?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది.

చింతలకి దూరంగా...

అక్కణ్ణుంచి బాంకాక్ తిరిగొచ్చి దక్షిణంగా దాదాపు 200 కిలోమీటర్లు పోతే సముద్రపొడ్డున హువా హిన్ వస్తుంది. ఏడో రామ రాజు 1920లలో అక్కడ వేసవి భవనం కట్టించాడు. పేరు 'క్లై కంగ్వన్'. అంటే 'చింతలకి దూరం' అని అర్థం. ఊరంతా రిటైరైన విదేశీయులే. సాయంత్రం ఇసక మీద తెల్లజుట్ల ఊరేగింపు చూడాలి!

అక్కడ ఓ తెలుగు జంట పరిచయమైంది. ఆయన గుంటూరు జిల్లాలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరికీ థాయ్ రక్తం లేదు కనక పెళ్ళి దారి వాళ్ళకి వర్తించదు అనుకున్నాను. తీరా వింటే వాళ్ళింట్లో కూడా అదే ప్రశ్న! మాస్టారు రిటైర్మెంటు స్టాంపు మీద ఉన్నారు. భార్య ఆయన మీద ఆధారపడిన మనిషిగా స్టాంపు తీసుకోవచ్చు. దానికి వేరే 8 లక్షలు అక్కర్లేదు. ఆవిడకి 50 నిండి ఉండాలనీ లేదు. పెళ్ళి సర్టిఫికెట్టు చాలు.

అమ్మగారు ఫిల్టరు కాఫీ ఇస్తూ చెప్పారు:

"మొదటి రెండేళ్ళూ అలాగే ఉన్నాను బాబూ. ఓ రాత్రి ఈయనకి గుండెలో మంట అన్నారు. అది గ్యాసే. కానీ తెల్లవార్లూ నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అడిగేశాను, 'ఏమండీ, మీకేమన్నా అయితే నేనిక్కడ ఎవర్ని?' అని."

మాస్టారు నవ్వారు. "అపశకునం మాటలేమిటే అని కేకలేశానయ్యా. రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా!"

"తరవాత?"

"తరవాత ఏముంది? గుంటూర్లో నా పేరున ఉన్న స్థలం అమ్మించాను. నా ఖాతా నేను తెరుచుకున్నాను. ఇప్పుడు ఆయన స్టాంపు ఆయనది, నా స్టాంపు నాది. ఏటా ఒకే రోజున ఇద్దరం వెళతాం. క్యూలో ఆయన ముందు, నేను వెనక" అన్నారావిడ.

"క్యూలో కూడా ఏడడుగులే!" అన్నారు మాస్టారు.

మరి ఏ తలుపు?

నేను చూసినంతలో సంగతి ఇది. డబ్బు తక్కువా, వయసు తక్కువా ఉండి, పని చేసుకుని బతకవలసినవాడికి పెళ్ళి దారి తప్ప వేరే దారి లేదు. సంతోషంగా అందులోనే నడవాలి. 50 దాటి, ఉద్యోగం అవసరం లేకుండా, 8 లక్షలు నిలవ పెట్టగలిగినవాడికి మాత్రం రిటైర్మెంటు దారే నయం. అది ఖరీదు. కానీ దాని ఆధారం అతని వయసూ, అతని సొమ్మూ. రెండో మనిషి ఊపిరి మీద అది వేలాడదు. మధ్యలో ఉన్నవాడు పెళ్ళి దారిలో నడుస్తూనే మిగతా 4 లక్షలు కొద్దికొద్దిగా పక్కన వేసుకుంటూ పోవడం మంచిది. ప్రేమ తక్కువై కాదు. దుఃఖంలో ఉన్నవాడు బ్యాంకు లెక్కలు చూసుకోవలసిన గతి పట్టకూడదని.

ఇంకో చిన్న మాట. మన దేశం నుంచే ఓ-ఏ అనే రకం రిటైర్మెంటు వీసాతో వెళ్ళేవాళ్ళకి 2019 అక్టోబరు 31 నుంచీ ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు. ఆ వయసులో బీమా ప్రీమియం తేలికేమీ కాదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు థాయ్ ఎంబసీలో ఓసారి అడిగి కనుక్కోవాలి.

"మాకింకా పాతికేళ్ళు రాలేదు, యాభై మాట ఎందుకండీ?" అంటారేమో మీరు. మీ ఇంట్లో నాన్నగారికో, బాబాయికో రాబోతోంది కదా! విదేశంలో సముద్రపొడ్డున శేషజీవితం గడపాలని వాళ్ళు కలగంటూ ఉండవచ్చు. పక్కన అమ్మో పిన్నో కాఫీ కలుపుతూ వింటూ ఉంటుంది. ఆ మాట వచ్చినప్పుడు బాట్ల లెక్క తరవాత అడగవచ్చు. ముందు హువా హిన్ అమ్మగారి ప్రశ్న అడిగి చూడండి: 'ఆ దేశంలో అమ్మ స్టాంపు ఎవరి పేరున ఉంటుంది?'